మామ ముక్కు, కోడలి కాఫీ పొట్లం

పోయిన వారం మనం కుసుమను పుంగనూరు మెయిన్ రోడ్డులో, శ్రీరాములు కాఫీపొడి అంగడి ముందు, ఆటో వదిలిన పొగలో నిలబెట్టి వచ్చేశాం. అత్తగారు కాంతమ్మ అలిగి, మదనపల్లెలో ఉన్న చెల్లెలి ఇంటికి బయల్దేరింది. ఆమె సంచిని ఆటోలోకి ఎత్తిపెట్టింది కుసుమే. నాలుగు చీరలకు ఇంత బరువేమిటా అనుకుంది గానీ, ఆ ముఖం చూసి అడిగే ధైర్యం చాలలేదు. ఆటో కదిలేటప్పుడు కాంతమ్మ మొగుడి వైపు తిరిగి ఒక్క మాట విసిరింది.

"నీ ముక్కుతోనే ఏంచుకో పో!"

నలభై ఏళ్లుగా కాఫీ గింజలు వేయించే మనిషిని పట్టుకుని అదేం తిట్టు? కుసుమకు బోధపడలేదు. శ్రీరాములు మాత్రం తూకం రాళ్లను అటూ ఇటూ సర్దుతూ తల ఎత్తలేదు.

అది మంగళవారం. ఇవాళ శనివారం. ఈ నాలుగు రోజులూ కుసుమ కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి అంగడికి, అంగడిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్లీ గూట్లో పెట్టిన గడియారం దగ్గరికి తిరుగుతూనే ఉంది.

మొదటి నుంచీ చదువుతున్న వాళ్లకు కారణం తెలుసు. కొత్తగా వచ్చిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. కుసుమ మొగుడు మురళీధర్‌కు బెంగుళూరులో ఉద్యోగం. వారానికోసారి కుప్పంలో రైలు దిగి, బస్సు పట్టుకుని ఇంటికి వస్తాడు. కాఫీపొడి అంగడి కొడుకై ఉండీ, ఆ ఊళ్లో గదిలో పొయ్యి లేక నీళ్ల టీతో రోజులు వెళ్లదీస్తున్నాడు. ఒకసారి వాళ్ల మేనేజరు జపాను నుంచి తెచ్చిన ఒక కాఫీ పొట్లాన్ని జేబులో పెట్టుకొచ్చి పెళ్లానికి చూపించాడు. దానికి రెండు చెవులు. గ్లాసు అంచుకు తగిలించి పైన వేడినీళ్లు పోస్తే కింద డికాషన్ దిగుతుంది. ఫిల్టరు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, కడిగే పనీ లేదు. మురళీధర్ వింతగా చూపించి మరిచిపోయాడు. కుసుమ దాన్ని తాగలేదు. కత్తెరతో కోసి, విప్పి, తిరగేసి చూసింది.

తర్వాత ఆరు నెలలు నానా తంటాలు పడింది. పాత పంచె గుడ్డ పెడితే నీళ్లు దిగలేదు. దోమతెర పెడితే పొడంతా దిగింది. చివరికి నాలుగుసార్లు ఉడికించి ఆరేసిన మల్లు గుడ్డ నిలబడింది. చెవులకు గట్టి కాగితం కావలసి వచ్చి పాత శుభలేఖలు కత్తిరించింది. అందుకే ఆమె పొట్లాల్లో ఒకదాని చెవి మీద 'చి.ల.సౌ.' అనీ, ఇంకోదాని మీద 'బంధుమిత్ర సపరివారంగా' అనీ ఉంటుంది. కుట్టిన పొట్లాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొవ్వొత్తి మంట మీద అంచు కాల్చి అతికిస్తుంది. లోపల వేసేది సికోరీ వేరు పొడి కలపని కాఫీపొడి, రవ్వలాగా బరకగా ఆడించింది. సికోరీ కలిస్తే గుడ్డకు జిగురు పట్టి నీళ్లు దిగవు. సికోరీ లేని కాఫీ కూడా ఒక కాఫీనా అని మామగారు రెండు వారాలు మూతి ముడుచుకున్న సంగతి వెనకటి భాగాల్లో అయిపోయింది.

కుప్పంలో అమరావతమ్మ అని ఒకావిడ ఏటా కార్తీకంలో ముప్పై మంది పెద్దవాళ్లను రైల్లో కాశీకి తీసుకుపోయి, భద్రంగా తీసుకొస్తుంది. రైలు కాఫీ నోట పెట్టలేక వాళ్లు పడే గోల ఆమె పడలేకపోయింది. మురళీధర్ ద్వారా ఈ పొట్లాల సంగతి విని, మనిషికి రోజుకొకటి లెక్కన పన్నెండు రోజులకు మూడు వందల అరవై కావాలని కబురు పెట్టింది. రేపు ఆదివారం పొద్దున రైలు. ఇవాళ తనే వచ్చి, ఒకటి తాగి చూసి, నాలుగు గంటల బస్సుకు మూట తీసుకుపోతుంది.

కోడలై వచ్చిన ఏడేళ్లలో కుసుమ పేరు చెప్పి వెతుక్కుంటూ ఒక మనిషి ఈ అంగడి మెట్టెక్కడం ఇదే మొదటిసారి. మూట బస్సెక్కితే కుసుమ కాఫీ కాశీ దాకా పోతుంది. ఎక్కకపోతే, కుట్టుమిషనుతో పాటు కోడలి పిచ్చి పనీ అటకెక్కుతుంది. అంతే సంగతి.

తొమ్మిదిన్నరకే అమరావతమ్మ దిగింది. యాభై దాటిన మనిషి. భుజాన గుడ్డ సంచి, ఒకే చేతికి రెండు గడియారాలు. ఒకటి రైళ్ల టైముకు, ఇంకోటి మనుషుల టైముకు అని చెప్తుంది ఎవరడిగినా.

"ఏదీ, సూపించు తల్లీ నీ సంచి కాఫీ" అంది బెంచీ మీద కూలబడుతూ.

కుసుమ కవరు చింపి, పొట్లాన్ని స్టీలు గ్లాసుకు తగిలించింది. వేడినీళ్ల ఫ్లాస్కు అందుకోవడానికి ఇటు తిరిగే లోపల, అమరావతమ్మ పక్కనున్న పాలగిన్నె ఎత్తి పొట్లంలోకి వంచేసింది. కాఫీ అంటే పాలు, పాలంటే పోయాలి. ఆవిడకు అంతకు మించి ఆలోచన అక్కర్లేకపోయింది. మీగడ గుడ్డను పట్టేసింది. ఒక్క చుక్క కిందికి దిగలేదు. పొట్లం ఉబ్బి, 'బంధుమిత్ర సపరివారంగా' ఊడొచ్చి, పాలూ పొడీ కలిసి బల్ల మీంచి శ్రీరాములు పంచె మీదికి కారాయి.

"అయ్యో, ఇదేందే, మూతి బిగించుకోనుండాది!"

"పాలు పోయకూడదమ్మా. నీళ్లు పోయాల" అంది కుసుమ గుడ్డ పెట్టి తుడుస్తూ.

"నీళ్ల కాఫీ తాగేదానికి మావాళ్లేమన్నా జొరమొచ్చినోళ్లా?"

"అట్ల కాదు. ముందర రవంత నీళ్లు పోసి, పొడి తడిసి ఉబ్బేదాకా గమ్మునుండాల. తర్వాత మూడుసార్లు, రవంత రవంత. సగం గ్లాసు డికాషన్ దిగుతాది. పొట్లం తీసి పారేసి, అప్పుడు పోయాల పాలు. రైల్లో పాలు దొరక్కపోతే పాలపొడి."

"ఇంత శాస్త్రముండాదా! ముప్పై మందికీ సెప్పేసరికి కాశీ వచ్చేస్తాదే."

"కాగితం రాసిస్తానమ్మా. ముందర నీళ్లు, ఆఖర్న పాలు. అంతే."

ఈసారి కుసుమ తనే పోసింది. పొడి తడిసి బుడగలు లేచాయి. ఆ బుడగల వెంట పైకొచ్చిన వాసనకు ఆమె ఒక్క క్షణం పోయడం ఆపింది. ఎందుకో తర్వాత చెప్తాను.

శ్రీరాములు పంచె దులుపుకుని లేచాడు. అరవై దాటినా నిటారుగా ఉండే మనిషి, ఆయనకంటే ముందే ఆయన ముక్కు గుమ్మం దాటుతుందని బజారులో అంటారు. ఇంతసేపు తన అంగడిలో తన మాట లేకుండా బేరం నడవడం ఆయనకు మింగుడు పడలేదు. అంగడి మెట్టు మీదికి పోయి నిలబడి, వీధంతా వినేలా అందుకున్నాడు.

"అమరావతమ్మా, సంచి ఎవురు కుట్టినా లోపల పొడి నాది. ఇదో, ఈ ముక్కుది." పొడుగాటి ముక్కును వేలితో తట్టాడు. "డ్రమ్ములో గింజ ఏం తలుస్తాండాదో నాకు ఈడ తెలిసిపోతాది. ఇంట్లో ఆడోళ్లు పాలు పొంగకుండా సూసుకుంటే సాలు. అంగడిని నా ముక్కు సూసుకుంటాది."

ఆయన ఆ మాటలే తిప్పి తిప్పి అంటుండగా మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ముందర సెనక్కాయల బండి అడ్డం తిరిగితే అంగడి ఎదురుగానే ఆగిపోయి, డ్రైవరు బండివాణ్ణి నాలుగు తిట్లు తిట్టేదాకా కదల్లేదు. ఒక కిటికీలో ఆకుపచ్చ చీర చెంగు కుసుమ కంట పడింది. దుమ్ముకు కాబోలు, ఎవరో ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. బస్సు కదిలిపోయింది. కుసుమ చూపు మళ్లీ గ్లాసు మీదికి వచ్చింది.

అమరావతమ్మ పాలు కలిపిన కాఫీని ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగకుండా గ్లాసు కింద పెట్టింది.

"తల్లీ, మాడినాది."

"ఏంది మాడేది? నా అంగడిలోనా?" శ్రీరాములు మెట్టు మీంచి ఒక్క అంగలో లోపలికొచ్చాడు. మిగిలిన డికాషన్‌ను అంతే చేదుగా గొంతులో పోసుకుని, కళ్లు మూసి, తల ఆడించాడు. "బంగారం. వాసన సూడమ్మా, ఎట్ల గుమగుమలాడతాండాదో!"

కుసుమ ఆ గ్లాసు అందుకుని నాలుక చివర తడిపి చూసింది. బొగ్గు. నోరంతా బొగ్గు.

నిజం చెప్పాలంటే ఈ సంగతి ఆమెకు గురువారమే తెలుసు. గురువారం వేయించిన వాయి ఇది. డ్రమ్ము మూత తీసినప్పుడే ఘాటు ముక్కుకు తగిలింది. కానీ మామగారు గింజల్ని అరచేతిలో ఆడిస్తూ ఎంత తృప్తిగా నిలబడ్డాడంటే, కుసుమ తన ముక్కునే అనుమానించింది. నలభై ఏళ్ల ముక్కు ముందు తన ముక్కు ఏపాటిది అనుకుంది. అనుకుని, ఆ పొడే మూడు వందల అరవై పొట్లాల్లో నింపింది. ఇప్పుడు ఆ పొట్లాలు రెండు అట్టపెట్టెల్లో, శుభలేఖల చెవులు నిక్కించుకుని, ఆమె వైపే చూస్తున్నాయి.

అమరావతమ్మ పోట్లాటకు దిగే మనిషి కాదు. అదే ఇంకా భయంగా ఉంది.

"సూడప్పా, నేను కాశీకి తీసుకపోయేది పెద్దోళ్లను. తెల్లారి లేస్తానే ఒక గ్లాసు మంచి కాఫీ పడితే ఆ రోజంతా నా మాట వింటారు. మాడింది పోస్తే కాశీ దాకా నన్నే తిడతారు. నాకు పసుపూ కుంకమా వక్కలూ కొనే పనుండాది. పన్నెండు గంటలకు వస్తా. వేరే వాయి ఏంచి పెట్టండి, బాగుంటే ఎత్తకపోతా. లేదంటే టీ పొట్లాలు కొనుక్కోని పోతా. రైలు నాకోసరం నిలబడదు గదా." రెండు గడియారాలూ చూసుకుని మెట్టు దిగిపోయింది.

ఆమె అటు పోగానే శ్రీరాములు విరుచుకుపడ్డాడు. "నాలిక సచ్చిన మనిషి! ఆయమ్మకేం తెలుసు కాఫీ! అంతా ఆ నీ గుడ్డ వాసన. సంచిలో పెట్టి కాఫీని సంపినావు."

కుసుమ పెరట్లోకి నడిచింది. రేకుల కింద వేయించే డ్రమ్ము, దాని పక్కన పొట్టిగోడ, గోడకు అవతల కాంతమ్మ నీళ్లు కాచే పొయ్యి. మనిషి లేని పొయ్యిలో నాలుగు రోజుల బూడిద అలాగే ఉంది. ఆ బూడిద చూస్తూ నిలబడిన కుసుమకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఉగాదికి కాంతమ్మ బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చుకోవడానికి పోయింది. ఆ వారం పొడిని పలమనేరు హోటలాయన తిప్పి పంపించాడు. శ్రావణంలో చెల్లెలి కూతురి సీమంతమని మదనపల్లె పోయింది. ఆ వారం పొడికి ఇద్దరు బడి మాస్టర్లు ఇంటిదాకా వచ్చి ముఖం చిట్లించారు. ఇప్పుడు మంగళవారం పోయింది, గురువారం మాడింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. శ్రీరాములు తెల్లారి అయిదుకే స్నానం చేసి బొట్టు పెట్టుకునే మనిషి. అయినా గింజలు వేయించే రోజు పదకొండు గంటలప్పుడు గోడ అవతల నుంచి కాంతమ్మ కేక వేసేది: "నీళ్లు కాగినాయి, రా!" ఆయన వెంటనే డ్రమ్ము వంచి గింజలు కుమ్మరించేవాడు. స్నానానికి మాత్రం ఏ రోజూ పోలేదు. ముసలాళ్ల చాదస్తం అనుకుని నవ్వుకుంది ఇన్నాళ్లూ.

నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది. వంటింట్లోకి పోయి ఒక చిన్న డబ్బా కొంగులో దాచుకుని వచ్చింది.

"మామా, ఒక్కసారి కండ్లు మూసుకోండి."

"యాల?"

"పాత వాయి పొడి కొంచెం మిగిలి ఉండాది. పాతదేదో గురువారందేదో మీరు వాసన సూసి సెప్పండి. మీరు ఏది బాగుందంటే దాన్నే అమరావతమ్మకు ఇస్తాను. తప్పంతా నా గుడ్డదేనని ఆమె ముందర ఒప్పుకుంటా."

పందెంలో గెలుపు తనదేనన్నట్టు శ్రీరాములు కళ్లు మూసుకున్నాడు. కుసుమ డబ్బా మూత తీసి ఆ పేరుమోసిన ముక్కు కింద పెట్టింది. ఆయన గుండెల నిండా పీల్చాడు.

"ఇది గురువారం వాయి" అన్నాడు ధీమాగా. "ఇదమ్మా కాఫీ అంటే. యాడుండాది మాడు?"

కుసుమకు ఏడుపొచ్చింది. "కండ్లు తెరవండి మామా."

ఆయన తెరిచాడు. కోడలి చేతిలో ఇంగువ డబ్బా ఉంది. మూత తీస్తే మూడిళ్ల అవతలికి తెలిసే ఇంగువ.

శ్రీరాములు డబ్బాను చూశాడు, డ్రమ్మును చూశాడు, చూడటానికి ఇంకేమీ మిగలక తన చేతుల్ని చూసుకున్నాడు. నిటారు మనిషి అలాగే పొట్టిగోడ మీద కూర్చుండిపోయాడు. ఇంత చిన్నగా ఆయన్ను కుసుమ ఎప్పుడూ చూడలేదు. అంతవరకూ కడుపులో ఉడుకుతున్న కోపం చల్లారిపోతుందేమోనని ఆమెకు భయమేసింది, ఎందుకంటే ఆ కోపం లేకుండా ఈ పూట గడవదు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"శివరాత్రప్పుడు పడిశం పట్టి పడుకుంటి గదా. జొరం పోయినాది, దగ్గు పోయినాది. ముక్కు మాత్రం తిరిగి రాలేదమ్మా." ఆయన డ్రమ్ము వైపు చూశాడు. "రోజూ లేస్తానే పొడి డబ్బాలో మొగం పెడతా. ఈ పొద్దన్నా వస్తాదేమో అని. ఏమీ ఉండదు. చేదు తెలుస్తాది, తీపి తెలుస్తాది. వాసన మాత్రం గోడకు మొగం పెట్టినట్టుంటాది."

"అత్తకు తెలుసు."

"మొదటి వాయి మాడిపోతాంటే అదే పరిగెత్తుకోని వచ్చి డ్రమ్ము తిప్పినాది. ఒక్క మాట అనలేదు. తర్వాతి వాయి నుంచి గోడ అవతల కూర్చోని నీళ్లు కాగినాయి అని కేకేసేది. అట్లని మేం అనుకున్నది కూడా లేదు. దానంతట అదే మొదలుపెట్టినాది."

"ఎనిమిది నెలలు అత్త ముక్కుతో ఏంచి..." కుసుమ గొంతు పెంచింది. ఈ ఇంట్లో ఆమె గొంతు పెరగడం ఆమెకే కొత్తగా ఉంది. "మంగళవారం ఆ పలమనేరు హోటలాయన వాయి బాగుందని మెచ్చుకుంటే ఏమన్నారు మామా? ఇది నలభై ఏండ్ల ముక్కు, ఆడోళ్లకేం తెలుస్తాది అన్నారు. ఆమె కాఫీ గ్లాసులు పట్టుకోని వాకిట్లోనే ఉండాది. ఒక్క మాట, ఊరికే నవ్వి గమ్మునున్నా సరిపోయేది గదా!"

"నోరు జారినాదమ్మా."

"ఇందాక అమరావతమ్మ ముందర మళ్లీ జారినాది."



కుసుమ గడియారం చూసింది. పదకొండున్నర అవుతోంది. పొట్లాలన్నీ విప్పాలి, పొడి పారబోయాలి, కొత్త పొడి నింపి మళ్లీ కుట్టాలి, కొవ్వొత్తి మీద కాల్చాలి. ఇవన్నీ తర్వాత. ముందు గింజ వేగాలి. గోతం మూతి విప్పి చూసింది.

"మామా, పచ్చి గింజలు ఇంతేనా?"

శ్రీరాములు లేచి వచ్చి తొంగి చూశాడు. "పది కిలోలుండాలే. సోమవారం పదహైదు సూసినాను, గురువారం ఏంచింది అయిదే." చెయ్యి పెట్టి తడిమాడు. అయిదు కిలోలుంటే ఎక్కువ. ఎలుక కొట్టిన జాడ లేదు, గోతం చిరగలేదు. అయినా దాని గురించి ఆలోచించే తీరిక ఇద్దరికీ లేదు. ఉన్నది ఒకే ఒక్క వాయి. ఇది కూడా మాడితే అమరావతమ్మ టీ పొట్లాలు కొనుక్కుని పోతుంది.

"నేను వాసన సూస్తా. మీరు డ్రమ్ము తిప్పండి" అంది కుసుమ.

శ్రీరాములు తల అడ్డంగా ఊపాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట గొప్ప లేని మాట వచ్చింది.

"నీకు మాడింది తెలుస్తాదమ్మా. మాడకముందర తెలియాల. మొదట బియ్యం ఏంచినట్టుంటాది. తర్వాత బెల్లం కాగినట్టు. ఆ తర్వాత ఒక్క నిమిషం ఏ వాసనా రాదు, అంతా నిలిచిపోయినట్టుంటాది. ఆ నిమిషంలోనే వంచేయల్ల. దాటితే బొగ్గే. అది పట్టుకునేదానికి నాకే అయిదేండ్లు పట్టినాది. మీయత్తకు ఎవురూ నేర్పలేదు. ముప్పై అయిదేండ్లు ఈ గోడ అవతల అగ్గి ఊదుకుంటా, పీల్చి పీల్చి నేర్సుకున్నాది. ఒక్క పొద్దన్నా నీకు తెలుసా అని నేను అడిగింది లేదు."

"అయితే అత్తను పిలవండి. మదనపల్లె నుంచి గంట దోవ. ఇప్పుడు బయల్దేరితే పన్నెండున్నరకు ఈడుంటాది. అమరావతమ్మ కాళ్లు పట్టుకోనైనా ఆపుతా."

"నువ్వు సెయ్యమ్మా ఫోను. కోడలు పిలిస్తే వస్తాది."

"రాదు. ఆ మాట అనింది నేను కాదు."

ఆయన ఆ పూటకు సరిపడా ఓడిపోయాడు. ఇంకొంచెం మిగిలింది. కుసుమ అంగడిలోకి నడిచి, చెల్లెలు రుక్మిణమ్మ ఇంటి నంబరు తనే తిప్పి, రిసీవరు ఆయన చేతిలో పెట్టింది. పక్కకు తప్పుకోలేదు. తప్పుకుంటే ఆయన సగంలో పెట్టేస్తాడని ఆమెకు తెలుసు.

అవతల ఎవరో ఎత్తారు. శ్రీరాములు హలో కూడా అనలేదు. ఆగితే ఇంక నోరు పెగలదన్నట్టు గబగబా అందుకున్నాడు.

"కాంతా, నేనే. సెప్పేది విను, మధ్యలో మాట్లాడొద్దు. గురువారం వాయి మాడిపోయినాది. కోడలికి తెలిసిపోయినాది. నాకు ముక్కు లేదు కాంతా. ఈ ఎనిమిది నెలలూ ఈ అంగడి ముక్కు నువ్వే. అంతకు ముందు కూడా ఎన్నిసార్లు నువ్వు దగ్గితే నేను డ్రమ్ము వంచినానో నాకు తెలుసు. తెలిసీ నలుగురిలో ఒప్పుకోలేకపోయినాను. తప్పు నాది. రా, ఇంటికి రా. వస్తే ఈ మాట అంగడి మెట్టు మీద నిలబడి సెప్తా, ఊరంతా విననీ."

కుసుమ కళ్లు తుడుచుకుంది. ముప్పై అయిదేళ్లలో ఆ మనిషి నోట రాని మాట అది. అత్త అవతల ఏం అంటుందా అని చెవి రిసీవరు దగ్గరికి వంచింది.

"బావా" అంది అవతలి గొంతు, ఇబ్బందిగా. "నేను రుక్మిణిని."

శ్రీరాములు ముఖం నల్లబడింది. రుక్మిణమ్మది ఫోను లేకపోయినా మదనపల్లె నుంచి వినిపించే గొంతు. ప్రతి ముక్కా కుసుమకు స్పష్టంగా వినబడుతోంది.

"అక్కను... అక్కను పిలువు రుక్మిణీ."

"అక్క యాడుండాది బావా ఈడ? పొద్దున తొమ్మిది గంటల బస్సుకే పోయినాది. నిన్న పగలంతా నా పెరట్లో ఇనప మూకుడు పెట్టి కాఫీ గింజలు ఏంచినాది. మీ ఇంట్లోంచే తెచ్చుకున్నాదంట, సంచిలో చీరల కింద పెట్టుకోని. వీధి వీధంతా వాసనే అనుకో. అవన్నీ మూట గట్టుకోని కుప్పం పోయినాది."

"కుప్పమా? కుప్పంలో ఎవురుండారు?"

"ఎవరో అమరావతమ్మంట. కాశీకి పోయే ఆయమ్మ. ఆమెను సూడాల, ఒక మాట తేల్చుకోవాల అనింది. ఏం మాటో నాకు సెప్పలేదు. మీకు తెలుసనుకుంటినే. ఆ బస్సు మీ అంగడి ముందర్నుంచే గదా పోయేది?"

రిసీవరు ఎవరు పెట్టారో కుసుమకు తెలియలేదు. ఆమె కళ్ల ముందు సెనక్కాయల బండి అడ్డం తిరిగింది. బస్సు ఆగింది. కిటికీలో ఆకుపచ్చ చెంగు. దుమ్ముకు అడ్డం పెట్టుకున్నారనుకుంది. ఆ ఆకుపచ్చ చీర సంచిలో సర్దుతుంటే మంగళవారం తను చూసిందే కదా!

అత్త ఆ మూటను కోడలి పొట్లాల కోసం మోసుకుపోతోందా? ఇక కోడలి పొట్లాలతోనూ మొగుడి అంగడితోనూ పని లేదని చెప్పడానికి పోతోందా? అంగడి ముందు బస్సు ఆగినా దిగలేదంటే...

"అమ్మా కుసుమా." శ్రీరాములు బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పది గంటల బస్సు ఈడ ఆగినప్పుడు నేను మెట్టు మీద నిలబడి ఏమంటా ఉంటినమ్మా?"

ఏమన్నాడో కుసుమకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆయనకూ గుర్తుంది, అయినా అలా అనలేదని ఎవరైనా అంటే బాగుండునని అడుగుతున్నాడు. ఆమె నోరు తెరిచేలోపల మెట్టు మీద చెప్పుల చప్పుడైంది. పసుపు వాసనతో, నిండు సంచితో, రెండు గడియారాలతో అమరావతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం తల్లీ, వాయి వేగినాదా? దోవలో ఎస్టీడీ బూతు కాణ్ణించి మా ఇంటికి ఫోను సేస్తే సెప్పినారు. మీయత్తంట, మా వాకిట్లో కూర్చోనుండాదంట. నీ పొట్లాలు కొనొద్దని సెప్పేదానికి వచ్చిందంట గదా?"